జ్వరానికి ‘రెట్టింపు చేసి 30 కలపడం’ వద్దు

సెల్సియస్‌ను ఫారెన్‌హీట్‌లోకి నోటిలెక్కన మార్చాలంటే రెట్టింపు చేసి 30 కలిపితే సరిపోతుందా అని అడిగారు. బయట వాతావరణానికైతే కొంతవరకు సరే. జ్వరానికి మాత్రం దయచేసి వాడకండి.

మా పాపకు అప్పుడు మూడేళ్లు. పాత పాదరసం థర్మామీటర్ పగిలిపోతే డిజిటల్‌ది కొన్నాం. ఓ రాత్రి ఒంటిగంటకు పాప ఒళ్లు కాలిపోతుంటే చంకలో పెట్టి చూశాను. 38.9 అని వచ్చింది. మన ఇళ్లలో ఎండను 42 అంటాం గానీ జ్వరాన్ని 101, 102 అనే చెప్పుకుంటాం కదా, 38.9 అంటే ఎంతో నాకు తట్టలేదు. డల్లాస్‌లో ఉండే మా అన్నయ్య అక్కడి ఎండాచలి గురించి మాట్లాడుతూ చెప్పిన ఈ చిట్కా గుర్తొచ్చింది. రెట్టింపు చేసి 30 కలిపితే 107.8! కాళ్లూచేతులూ ఆడలేదు. మా ఆయన అప్పటికప్పుడు ఆటో పిలుచుకొచ్చారు. ఆస్పత్రిలో నర్సు చూసి 102 అంది.

తప్పు ఎక్కడుందంటే, సెల్సియస్‌లో నీళ్లు గడ్డకట్టేది 0 దగ్గర, మరిగేది 100 దగ్గర. ఫారెన్‌హీట్‌లో అవే 32, 212. అంటే ఇక్కడి 100 డిగ్రీలు అక్కడ 180. ఒక్కో డిగ్రీకి 1.8 పడాలి. మనం 2 వేస్తున్నాం. 10 డిగ్రీల దగ్గర ఈ చిట్కా సరిగ్గా 50 ఇస్తుంది, ఎందుకంటే డిగ్రీకి 0.2 చొప్పున పది డిగ్రీలకు ఎక్కువ వేసిన 2, 32 బదులు 30 వేసి తక్కువ కలిపిన 2 చెల్లుకు చెల్లు. 40 దగ్గరికి వచ్చేసరికి 104 రావాల్సింది 110 వస్తుంది.

రెట్టింపు చేశాక అందులో పదో వంతు తీసేసి, 32 కలపండి. 38.9కి రెట్టింపు 77.8. పదో వంతు సుమారు 7.8 తీస్తే 70. దానికి 32 కలిపితే 102. ‘జ్వరం ఒక డిగ్రీ తగ్గింది’ లాంటి తేడాకు మాత్రం 32 కలపకూడదు, 1.8 తగ్గినట్టు అంతే.

అర్ధరాత్రి కంగారులో నాకు ఈ లెక్క కూడా సాగదు. అందుకే థర్మామీటర్ డబ్బా మీద కాగితం అంటించాను: 37 అంటే 98.6, 38 అంటే 100.4, 39 అంటే 102.2, 40 అంటే 104. మధ్యలో అర డిగ్రీకి 0.9 కలుపుకుంటాను.

మీదీ డిజిటల్‌దైతే డబ్బాలోని కాగితం ఒకసారి చదవండి. మా దాంట్లో బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే ఫారెన్‌హీట్‌కి మారుతుందని మర్నాడు పొద్దున తెలిసింది.