నా బిడ్డ చెవుడు ఎవరి పాపం?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మా పాపకు నాలుగేళ్లు. పుట్టుకతోనే వినికిడి లేదు. రెండేళ్లుగా చెవి మిషన్ పెడుతున్నాం, ఈమధ్యే ‘అమ్మ’ అంటోంది. పోయిన నెల ఉపవాస ప్రార్థనకు వచ్చిన ఒక దైవజనుడు అందరి ముందూ పాప తల మీద చెయ్యి పెట్టి, ‘మీ వంశంలో ఒప్పుకోని పాపం ఉంది, అది మూడు నాలుగు తరాలు వెంటాడుతుంది’ అన్నారు. విశ్వాసముంటే మిషన్ తీసెయ్యమన్నారు. అప్పటినుంచి మా అత్తగారు నా పుట్టింటి వైపు పాపాలు వెతుకుతున్నారు, నేను వాళ్ల వైపు వెతుకుతున్నాను. ఆరాధనకు వెళ్లినా చెప్పులు విడిచేచోటే కూర్చుంటున్నాను. ఆదాము పాపం వల్లే చావూ రోగమూ వచ్చాయని సండేస్కూల్లో నేర్చుకున్నాం కదా. మరి నా బిడ్డది ఎవరి పాపం?
– ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, అన్నిటికన్నా ముందు ఒక మాట. పాప చెవి మిషన్ తీయకండి. మాటలు పట్టుబడే వయసు ఇది, ఇప్పుడు పోయిన నెలలు మళ్లీ రావు. డాక్టరు చెప్పినట్టే చేయండి, ప్రార్థనా చేయండి. రెండింటికీ తగువేమీ లేదు.

ఇక ఆదాము సంగతి. ఆదికాండం మూడో అధ్యాయం ఒకసారి నిదానంగా చదవండి. మన సండేస్కూలు బొమ్మల్లో ఎర్రటి యాపిల్ పండు వేస్తారు గానీ, ఆ మాట అక్కడ ఎక్కడా లేదు. అసలు కథ పండు కన్నా ముందే, సర్పం వేసిన ప్రశ్నతో మొదలవుతుంది. తోటలో ఏ చెట్టు పండైనా తినొచ్చు, ఒక్కటి తప్ప అని దేవుడు చెప్పాడు. సర్పం దాన్ని తిప్పి, ‘ఏ చెట్టు పండూ తినొద్దన్నాడా?’ అని అడుగుతుంది. అన్నీ ఇచ్చినవాణ్ణి పిసినారిని చేసి చూపించింది. ‘నా మేలు కోరేవాడు కాదేమో’ అన్న అనుమానం ముందు పుట్టింది, చెయ్యి చాచడం ఆ తర్వాత. పాపం పుట్టుక గురించి నాకు అర్థమైంది ఇదే.

దాని ఫలితం చావు ఒక్కటే అనుకుంటాం. అధ్యాయంలో చావు ఇంకా రాకముందే ఏం జరిగిందో చూడండి. అంజూరపు ఆకులు కుట్టుకున్నారు. చెట్ల మధ్య దాక్కున్నారు. ‘నువ్విచ్చిన ఈ స్త్రీయే’ అన్నాడు ఆదాము. ఒక్క వాక్యంలో భార్య మీదా దేవుడి మీదా కలిపి నేరం మోపాడు. హవ్వ సర్పం మీదికి తోసింది. ముళ్లు, గచ్చపొదలు, చెమట, ప్రసవ వేదన, మట్టికి తిరిగిపోవడం, ఇవన్నీ ఆ తర్వాతి వచనాల్లో వస్తాయి. మీ ఇంట్లో నెల రోజులుగా మీరూ అత్తగారూ వేళ్లు చూపించుకుంటున్నారే, అది ఆ తోటలో మొదలైన అలవాటే.

సంఘంలో ఈ విషయం మీద పెద్ద వాదాలే జరిగాయి. అయిదో శతాబ్దంలో పెలాగియస్ అనే ఆయన, ఆదాము మనకు చెడ్డ మాదిరి మాత్రమే, మనిషి తలచుకుంటే పాపం లేకుండా బతకగలడు అని బోధించాడు. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో బిషప్పు అగస్టీన్ దాన్ని గట్టిగా కాదన్నాడు. 418లో కార్తేజీ సభ పెలాగియస్ బోధను తోసిపుచ్చింది. ఆదాము దోషం కూడా మనకు సంక్రమిస్తుందని పడమటి సంఘాలు అగస్టీన్ వెంట నడిచాయి. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు మాత్రం, మనకు వచ్చింది మరణమూ చెడిన స్వభావమూ, ఆదాము నేరం కాదు అంటాయి. ఇరువర్గాలూ చదివేది ఒకే వచనం, రోమా 5:12. నేను అగస్టీన్ వైపు నేర్చుకున్నవాణ్ణి. అయినా ఇద్దరూ చెప్పేది మానవజాతి అంతటి గురించి. ఫలానా పాప చెవికి ఫలానా తాత కారణం అని లెక్కగట్టే అధికారం ఈ సిద్ధాంతం ఎవరికీ ఇవ్వలేదు.

‘మూడు నాలుగు తరాలు’ అన్న మాట నిర్గమకాండం 20వ అధ్యాయంలో ఉంది, నిజమే. అయితే ‘నన్ను ద్వేషించువారి విషయములో’ అని కూడా అక్కడే ఉంది. ఆ వెంటనే, ప్రేమించేవారిని వెయ్యి తరాల వరకు కరుణిస్తాను అని ఉంది. మూడు నాలుగు దగ్గర ఆగి వెయ్యిని వదిలేస్తే ఎలా? బబులోను చెరలో బందీలుగా ఉన్న యూదులూ ‘తండ్రులు ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్లు పులిశాయి’ అని సామెత చెప్పుకునేవారు. ఆ సామెత ఇక పలకొద్దని యెహెజ్కేలు 18లో దేవుడే ఆన పెట్టాడు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. పాతికేళ్ల కిందట ఒక ఇంట్లో నెలల బిడ్డ పోయింది. నేను ఆ తండ్రిని పక్కకు పిలిచి, ‘బాబూ, దేవుడి దగ్గర ఏదైనా దాచావా?’ అని అడిగాను. ఆయన పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డాడు, ఏమీ అనలేదు. మళ్లీ గుడికి రాలేదు. రెండేళ్లకు నాకు బుద్ధొచ్చి, వాళ్లింటికి వెళ్లి క్షమించమన్నాను. మంచం వాల్చి కూర్చోమన్నాడు, ఆ ఏటి ధాన్యం ధర గురించి మాట్లాడాడు. ఆ గుంజ పట్టుకున్న చెయ్యి నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. అందుకే మీ ఉత్తరం నన్ను నిద్రపోనివ్వలేదు.

మీరు అడిగిన ప్రశ్నే శిష్యులూ అడిగారు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి, ‘ఎవడు పాపము చేసెను? వీడా, వీని కన్నవారా?’ అన్నారు. వీడూ కాదు, వీడి కన్నవారూ కాదు అన్నాడు యేసు. ఉమ్మితో బురద చేసి కళ్లకు పూసి, సిలోయము కోనేటికి వెళ్లి కడుక్కోమన్నాడు. అతనికి చూపు వచ్చాక కూడా, యూదుల మతపెద్దలైన పరిసయ్యులు ఆ మనిషిని, నువ్వు పాపివై పుట్టినవాడివి అని తిట్టి వెలివేశారు. యోహాను 9:35 చూడండి. వాళ్లు వెలివేశారని విని యేసు అతన్ని వెతుక్కుంటూ వెళ్లాడు. చెట్ల చాటున దాక్కున్న ఆదామును ‘నీవు ఎక్కడ ఉన్నావు’ అని పిలిచిన దేవుడే ఇక్కడా వెతుకుతున్నాడని నేను నమ్ముతాను.

వచ్చే ఆదివారం చెప్పులు విడిచేచోట కూర్చోకండి. పాపకు మిషన్ పెట్టి, ముందు వరసలో, పాట బాగా వినిపించేచోట కూర్చోబెట్టుకోండి. అత్తగారిని కూడా పక్కన కూర్చోమనండి. పాప పేరు రాయలేదు మీరు. ఒక కార్డు ముక్క మీద రాసి పంపండమ్మా, రోజూ ప్రార్థనలో ఆ పేరు పెట్టి పిలుస్తాను.