పెరటి తలుపుకు అలారం ఎలా బిగించాలి?
అమ్మా, విజయనగరంలో మీ రెండేళ్ల బాబు పెరటి తలుపు తీసుకుని నేలబావి వైపు వెళ్లిపోతున్నాడని రాశారు. ముందు బావికి ఇనుప జాలీ వేయించండి, అలారం ఆ తర్వాతే. అయస్కాంతం ఉన్న రకం కొనండి. ఒక ముక్కను తలుపు రెక్కకు, రెండోదాన్ని ద్వారబంధానికి, గడియ వైపే, బాబుకు అందనంత ఎత్తులో బిగించాలి. రెండూ విడిపోగానే మోగుతుంది. మధ్య ఎడం 1 సెంటీమీటరు దాటకపోతే మంచిది. వానాకాలంలో చెక్క ఉబ్బి తలుపు సరిగా పడదు, అలారం ఊరికే మోగుతుంది. విసుగొచ్చి ఆపేయకండి, దయచేసి! వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించండి. బిళ్ల బ్యాటరీలతో నడిచేదైతే మూతకు స్క్రూ ఉన్నదే తీసుకోండి. పిల్లలు ఆ బిళ్ల మింగితే 2 గంటల్లోనే అన్నవాహిక తీవ్రంగా కాలిపోవచ్చు. వారానికోసారి తలుపు తీసి, ఆ మోత వంటింట్లోకి వినిపిస్తోందో లేదో చూసుకోండి.