జీపు పోయినంక ఏమైందో రాయి

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివిన. ఇన్‌స్పెక్టర్ జీపు దిగంగనే బస్తీ అంతా నోరు మూసుకుంది, కంట్రోల్‌లోకి వచ్చింది అని ముగించినవ్ చూడు, నాకు అక్కడే పేచీ. నోరు మూసుకున్నోళ్లంతా మాట విన్నట్టు కాదురా. జీపు పోయినంక ఆ గల్లీల ఏమైందో రాయి, అసలు కథ అక్కడుంది.

నా ముచ్చట ఒకటి చెప్త. కొన్నేళ్ల కింద బస్టాప్‌ల నిలబడితే బైక్ మీదొచ్చి చేతిలకెళ్లి ఫోన్ గుంజుకపోయిండ్రు. స్టేషన్‌కు పోతే తెల్లకాయితం చేతిలపెట్టి "గుంజుకపోయిండ్రు అని ఎందుకు సార్, పోగొట్టుకున్న అని రాయండి, జల్ది అయిపోతది" అన్నరు. రాసిచ్చిన, అది ఇప్పటికీ మనసుల ముల్లులెక్కనే ఉంది. ఒక్క మాట మారిస్తే నేరమే లెక్కలకెళ్లి మాయమైంది, ఆ ఏరియాల క్రైమ్ తగ్గినట్టే కదా మరి. అందుకే అంకెలు చూసి పోలీసులు బాగ చేస్తున్నరనో చేస్తలేరనో తేల్చకు, కేసులు పెరిగినయంటే జనం ధైర్యంగ స్టేషన్ మెట్లెక్కుతున్నరని కూడా కావొచ్చు. కాగ్నిజబుల్ నేరమైతే, అంటే వారెంట్ లేకుండనే పోలీసులు అరెస్టు చేయగలిగే నేరమైతే, ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందేనని లలితా కుమారి కేసుల సుప్రీంకోర్టు 2013లనే చెప్పింది.

భయం గురించి బాగ రాసినవ్ గానీ ఎవరికి భయమో చూడలే. 2014ల హైదరాబాద్‌ల షీ టీమ్స్ అని పోలీసు బృందాలు మొదలైనయ్, మఫ్టీల నిలబడి ఆడపిల్లల ఎంటపడేటోళ్లను పడుతరు, అక్కడ భయం తప్పు చేసేటోనికి. అదే కార్డన్ సెర్చ్ అంటే, బస్తీని చుట్టుముట్టి ఇల్లిల్లు సోదా చేసుడు, పొద్దున లేచి పనికి పోవాల్సినోడు నిద్రకళ్లతోని బండి ఆర్సీ ఎతుక్కుంటుంటడు, వాడు చేసిన తప్పేంది? జూబ్లీహిల్స్‌ల బంగ్లాల తలుపులు అట్ల కొట్టంగ నేనైతే ఎన్నడు చూడలే.

1978ల నల్లకుంట స్టేషన్ సంగతి పెద్దోళ్లను అడుగు. ఒకామె మీద స్టేషన్‌ల పోలీసులే అత్యాచారం చేసిండ్రని, భర్తను కొట్టి చంపిండ్రని తెలిసి జనం రోడ్డెక్కిండ్రు, సిటీల కర్ఫ్యూ పెట్టాల్సొచ్చింది. శాంతిభద్రతలు స్టేషన్ లోపలనే చెడినయ్ అప్పుడు.

కథ మళ్ల రాసేముందు ఒక పొద్దు స్టేషన్ బెంచీ మీద కూసో. ఎవరికి కుర్చీ ఇస్తున్నరు, ఎవరిని నిలబెడుతున్నరు, ఎవరిని మీరు అంటున్నరు, ఎవరిని ఏందిరా అంటున్నరు, అన్నీ రాసుకొని నాకు పంపు.

మీ అన్న