మామిడి సీజన్లో డేటాబేస్ నిలిచిపోతే

చిరంజీవి అమ్మణ్ణికి పెదనాన్న ఆశీస్సులు.

చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలో డేటాబేస్ బాధ్యత నీకు అప్పగించినారని మీ నాయన చెప్పినాడు. చాలా సంతోషం. జూన్, జూలైల్లో తోతాపురి కోతలు జోరందుకుంటాయి. గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరతాయి. అప్పుడు వేబ్రిడ్జి కాడ స్క్రీన్ కదలకపోతే రైతు ఎండలో నిలబడాల, ట్రాలీలో కాయ మగ్గిపోతుంది. అందుకే ముందు ఆ సంగతే రాస్తా ఉండా.

ఫోను రాగానే డేటాబేస్ సాఫ్ట్‌వేరైన పోస్ట్‌గ్రెస్‌ని రీస్టార్ట్ చెయ్యమని చుట్టూ ఉండేవాళ్లు తొందర పెడతారు. చెయ్యొద్దు. అప్పటికి పని జరుగుతుంది గానీ ఎవరు ఎవరిని ఆపినారో ఆ జాడంతా చెరిగిపోతుంది, రేపు మళ్లీ అదే తంటా. సీపీయూ, డిస్కు ఖాళీగా ఉండి పనులు మాత్రం ఆగినాయంటే ముందు లాకుల్నే అనుమానించు, అంటే ఒకరు పట్టుకున్న వరసనో టేబుల్‌నో వదిలేదాకా ఇంకొకరు ఆగడం. ఎవరేం చేస్తా ఉండారో చూపే పీజీ_స్టాట్_యాక్టివిటీలో వెయిట్_ఈవెంట్_టైప్ కింద 'లాక్' అని ఉండే వరసలు చూడు. ఆ వరసలో ఉండే పిడ్‌ని, అంటే ప్రాసెస్ నంబరుని, పీజీ_బ్లాకింగ్_పిడ్స్ ఫంక్షన్‌కి ఇస్తే, దాన్ని ఆపుతున్న పిడ్ వస్తుంది. దాన్ని మళ్లీ అదే ఫంక్షన్‌కి ఇవ్వు. జవాబు ఖాళీగా వచ్చేదాకా పోతే అసలు మూలం దొరుకుతుంది.

చాలాసార్లు ఆ మూలం ఏ పనీ చేస్తా ఉండదు. స్టేట్ 'ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్' అని కనిపిస్తుంది. ఎవరో బిగిన్ ఇచ్చి ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, నాలుగు వరసలు అప్‌డేట్ చేసి, కమిట్ చెయ్యకుండా, అంటే ఖాయం చెయ్యకుండా, భోజనానికి లేచిపోయినారన్న మాట. ఎక్స్‌యాక్ట్_స్టార్ట్ చూస్తే ఎంతసేపైందో తెలుస్తుంది. ఏ మిషను, ఏ యూజరు, ఆఖరి క్వెరీ ఏది, మూడూ రాసిపెట్టుకో. ఇక్కడ పీజీ_క్యాన్సిల్_బ్యాకెండ్ పనికిరాదు. అది నడిచే క్వెరీని ఆపుతుంది, ఇక్కడ నడిచేదే లేదు. పీజీ_టెర్మినేట్_బ్యాకెండ్ వాడాల. కమిట్ కాని పని రోల్‌బ్యాక్ అవుతుంది, అంటే రద్దయిపోతుంది, కాబట్టి ఆ మనిషికి ఒక మాట చెప్పు. లైనక్స్‌లో కిల్ మైనస్ 9 జోలికి మాత్రం పోవద్దు. ఒక్క ప్రాసెస్ అట్ల చచ్చినా షేర్డ్ మెమరీ చెడిందేమోనని సర్వరు కనెక్షన్లన్నీ తెంచి రికవరీకి పోతుంది.

ఇది మళ్లీ రాకుండా అప్లికేషన్ యూజరుకు ఐడిల్_ఇన్_ట్రాన్సాక్షన్_సెషన్_టైమౌట్ 5 నిమిషాలు పెట్టు. డిఫాల్ట్‌గా అది 0, అంటే హద్దే లేదు.

ఇంకో ఉచ్చు ఆల్టర్ టేబుల్. కాలమ్ చేర్చడం మామూలుగా క్షణం పనే. కానీ అదే టేబుల్ మీద పొడుగాటి రిపోర్టు నడస్తా ఉంటే ఆల్టర్ దాని కోసం ఆగుతుంది, ఆల్టర్ వెనకాల మామూలు సెలెక్టులు కూడా ఆగుతాయి. గేట్లో పెద్ద లారీ అడ్డం నిలబడితే వెనకుండే బైకు కూడా పోలేనట్టే. ఆల్టర్‌కి ముందు ఆ సెషన్‌లో లాక్_టైమౌట్ 3 సెకన్లు పెట్టు. ఫెయిలైతే కాసేపాగి మళ్లీ కొట్టు. ఇండెక్సును కాన్‌కరెంట్లీతో కట్టు, అప్పుడు టేబుల్లో రాసే పనులు ఆగవు. మధ్యలో ఆగిపోతే 'ఇన్‌వ్యాలిడ్' ఇండెక్సు మిగిలిపోతుంది, దాన్ని డ్రాప్ చేసి మళ్లీ మొదలుపెట్టాల.

మార్పుల చిట్టా (వాల్) ఉండే పీజీ_వాల్ ఫోల్డర్ డిస్కును నింపేస్తే అందులో ఫైళ్లు చేత్తో తీసేయొద్దు, డేటాబేస్ మళ్లీ లేవకపోవచ్చు. వాల్ నకళ్లు దాచే పని ఫెయిలై పీజీ_స్టాట్_ఆర్కైవర్‌లో ఫెయిల్డ్_కౌంట్ పెరుగుతోందా, పీజీ_రెప్లికేషన్_స్లాట్స్‌లో యాక్టివ్ కాని స్లాటు ఉందా చూడు. స్లాటంటే స్టాండ్‌బై (నకలు సర్వరు) ఇంకా తీసుకోని వాల్‌ని దాచిపెట్టే గుర్తు. తీసేసిన స్టాండ్‌బై స్లాటు మిగిలుంటే అది వాల్‌ని వదలదు. స్లాటును డ్రాప్ చేసి, మార్పుల్ని డిస్కుకు రాయించే చెక్‌పాయింట్ ఇస్తే తగ్గుతుంది. పోస్ట్‌గ్రెస్ 13వ వెర్షన్ నుంచి మ్యాక్స్_స్లాట్_వాల్_కీప్_సైజ్‌తో హద్దు పెట్టొచ్చు.

బ్యాకప్ ఫైలుందంటే చాలదు. మే నెలలోనే వేరే మిషన్లో రిస్టోర్ చేసి, పోయిన సీజన్లో ఏదో ఒక రోజు మొత్తం తూకం రెండు చోట్లా సరిపోయిందా చూడు. బ్యాకప్ తీసే పీజీ_డంప్‌లో యూజర్లు, పాస్‌వర్డులు రావు. వాటికి పీజీ_డంప్ఆల్‌ని గ్లోబల్స్ ఓన్లీ ఆప్షన్‌తో విడిగా నడపాల.

నిదానమైన క్వెరీల గురించి ఇంకో ఉత్తరం రాస్తా. ఈలోపు ఏదన్నా తేలకపోతే క్వెరీ ఎట్ల నడిచిందో చూపే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ ఇచ్చింది మొత్తం పంపు, కత్తిరించొద్దు.

ఇట్లు,
పెదనాన్న
తిరుపతి