ఖర్చు లేని కాలక్షేపం కావాలా? కాలవ గట్టున ఒక తాటిచెట్టు చూసుకోండి

"ఖాళీగా కూర్చుంటే పిచ్చెక్కుతోంది, పెద్దగా డబ్బు పెట్టలేను, ఏదైనా కొత్త హాబీ చెప్పండి" అని అడిగారు. మిగతావాళ్లు గిటార్ కొనమన్నారు, కెమెరా కొనమన్నారు, ఆన్‌లైన్ కోర్సులో చేరమన్నారు. డబ్బు పెట్టి మొదలెట్టిన హాబీ ఏదీ నిలవదని నా గట్టి నమ్మకం. కొన్న మోజు తీరగానే వస్తువు అటకెక్కుతుంది, దాన్ని చూసినప్పుడల్లా మనసుకి గుచ్చుకుంటుంది.

నేను చెప్పేది గిజిగాడి గూళ్లు చూడటం. దేశంలోని పక్షులన్నీ చూడమని కాదు. ఒక్క గిజిగాడు, ఒక్క చెట్టు.

మాది గోదావరి డెల్టాలో మండపేట పక్క ఊరు, రైస్ మిల్లులో గుమస్తాని. దాళ్వా (రెండో పంట) ధాన్యం దిగే రోజుల్లో అన్నం తినడానికి కూడా తీరిక ఉండదు. ఆ సందడి అయ్యాక సాయంత్రాలన్నీ ఫోన్ గీకుతూ గడిచిపోయేవి. ఒక ఏడాది ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలవలకి నీళ్లు వదిలి, వరి నారు పోసిన ఆకుమళ్లు పచ్చబడ్డ రోజుల్లో, గట్టు మీద సైకిలాపి అలా నిలబడ్డాను. పసుపు తలకాయ పిట్ట ఒకటి ఆకుమడిలో వాలింది. వరి ఆకు అంచున ముక్కుతో చిన్న గాటు పెట్టింది. ఆ గాటు పట్టుకుని రివ్వున ఎగిరింది. ఎగిరిన ఊపుకే ఆకు నిలువునా చీరి మూరెడు పీలిక వచ్చేసింది. కత్తి లేదు, చెయ్యి లేదు. కాలవ మీదకి వాలిన తాటిచెట్టుకి ఆ పీలిక తీసుకెళ్లి, మట్ట చివర వేలాడుతూ తలకిందులుగా అల్లుతోంది. కొస లోపలికి తోసి, అవతలి నుంచి లాగి, మళ్లీ తోసి. చీకటి పడేదాకా అక్కడే ఉండిపోయాను.

మర్నాడు కల్లు గీసే తాత ఒకాయన కనిపిస్తే అడిగాను, చెట్టంతా వదిలి గూళ్లన్నీ ఒక పక్కకే ఎందుకున్నాయని. "ఇప్పుడు గాలి పడమటి నుంచి కొడతాదండి. అందుకే తూరుపు మట్టలకే కడతాయి. సార్వాలో ఈ చెట్టుతో మనకేం పనండి, అంతా వాటి రాజ్యమే" అన్నాడు. (సార్వా అంటే వానాకాలం వరి పంట.) తరవాత ఎన్ని చెట్లు చూసినా చాలావాటికి ఆయన చెప్పినట్టే ఉంది.

అసలు నాటకం గూడు సగమయ్యాక మొదలవుతుంది. అప్పటికి పైకప్పు, మధ్యలో అడ్డంగా ఒక వలయం మాత్రమే ఉంటాయి. లోపలి గోడకి మగపిట్ట తడిమట్టి కూడా మెత్తుతుంది. (ఆ మట్టికి మిణుగురుల్ని అంటించి దీపాలు పెట్టుకుంటుందని మా అమ్మమ్మ చెప్పేది. నేనెప్పుడూ చూడలేదు.) అప్పుడు ఆడపిట్టలు వస్తాయి. మగవన్నీ గూళ్లకి వేలాడి రెక్కలు టపటపలాడిస్తూ ఒకటే గోల. ఆడపిట్ట లోపలికి దూరి ఇక్కడ పొడిచి, అక్కడ లాగి చూస్తుంది. నేను చూస్తున్న గూటికి ఒకటి వచ్చింది, వలయం మీద కూర్చుంది, రెండు పీలికలు పీకింది, పోయింది. ఇంకోటి వచ్చింది, పోయింది. మగపిట్ట మాత్రం ప్రతిసారీ మళ్లీ ఆకుమడికే పరుగు. చివరికి ఒక ఆడపిట్ట వచ్చి కదల్లేదు. ఆ తరవాతే మగది గుడ్ల గది మూసి, కిందకి పొడుగాటి గొట్టం అల్లింది. మిల్లులో ఆ రోజు లెక్కలు రాస్తున్నా నా మనసంతా అక్కడే.

పక్షుల శాస్త్రవేత్త సాలిం అలీ గారు కూడా ఉద్యోగం పోయి ఖాళీగా ఉన్నప్పుడే ఈ పని చేశారు. 1930 ప్రాంతంలో ముంబై దగ్గర సముద్రపొడ్డున కిహీం అనే ఊళ్లో ఉంటూ, ఇంటి పక్క గిజిగాళ్ల గూళ్లనే రోజూ కూర్చుని చూశారు. మగది ఒక గూట్లో ఆడపిట్ట కుదురుకోగానే ఇంకో గూడు మొదలెట్టి, దాంట్లోకి ఇంకో ఆడపిట్టని పిలుస్తుందని అలా చూసే తెలుసుకున్నారు. అందుకే ఖాళీగా ఉన్నానని బెంగ పెట్టుకోకండి. ఈ పనికి కావలసిందే ఖాళీ.

ఖర్చంటారా, పాత నోటుబుక్కు, పెన్ను. గూళ్లు చాలాచోట్ల నీళ్ల మీదకి వేలాడుతూ దగ్గరగానే ఉంటాయి, బైనాక్యులర్ అక్కర్లేదు. ఈ రోజు ఏ గూడు ఎంతవరకు వచ్చింది, ఏది గాలికి రాలింది, అంతే రాయండి. మిగతా పిట్టల మీద కూడా ఆసక్తి పుడితే మెర్లిన్ అనే యాప్ ఉచితం, కూత వినిపిస్తే పేరు చెబుతుంది. శీతాకాలంలో మగ గిజిగాడికి పసుపు పోయి ఊరపిచ్చుకలా మారిపోతుంది. అప్పుడు వీలు చూసుకుని కాకినాడ వైపు కోరంగి మడ అడవులకి ఒకసారి వెళ్లి రండి, వలస పిట్టలు దిగి ఉంటాయి.

నాకు కడుపు మండేది వేరే ఉంది. వరి చేలు తవ్వి రొయ్యల, చేపల చెరువులు చేస్తున్నారు. గట్టు మీద తాటిచెట్లు ముందే పోతాయి. ఆకుమడి లేకపోతే గూటికి పీచు లేదు, చేను లేకపోతే పిల్లలకి పురుగు లేదు, పెద్దవాటికి గింజ లేదు. పైగా చేపలు తినే కొంగల్ని తోలడానికి చెరువుల మీద టపాకాయలు పేలుస్తారు. గిజిగాడు ఏ చేపని ముట్టుకుంది? ఇంకొందరు గూళ్లు తెంపి గుమ్మాలకి అలంకారంగా వేలాడదీస్తారు. లోపల గుడ్లున్నాయో పిల్లలున్నాయో కూడా చూడరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉందని చెబితే, ఎండుగడ్డికి కూడా చట్టమా అంటారు. ఆ ఎండుగడ్డి అల్లడానికి ఒక పిట్ట ఆకుమడికీ చెట్టుకీ మధ్య ఎన్ని వందలసార్లు తిరిగిందో ఒక్క సాయంత్రం కూర్చుని చూస్తే ఆ మాట రాదు.

మీరు చూడటం మొదలెట్టాక చెట్టు కిందకి మరీ దగ్గరగా వెళ్లకండి, రాళ్లు వేసే పిల్లలుంటే మెల్లగా చెప్పి పక్కన కూర్చోబెట్టుకోండి. సార్వా ఊడ్పులకి కాస్త ముందే వెళితే అల్లిక మొదటినుంచీ దొరుకుతుంది. మండపేట, రామచంద్రపురం, ఆలమూరు వైపు వాళ్లయితే మీ ఊరి పేరు కింద రాయండి. ఏ కాలవ గట్టున ఏ చెట్టుకి గూళ్లున్నాయో నాకు తెలిసినంతవరకు చెబుతాను.