థ పొట్టలో చుక్క కనిపించాలి

చిరంజీవి బిడ్డకు పెద్దమ్మ ఆశీస్సులు.

లాప్‌టాప్ తెర చాలడం లేదని, సాయంత్రమయ్యేసరికి కళ్లు లాగుతున్నాయని, 30 వేల లోపు పెద్ద మానిటర్ ఒకటి చెప్పమని అడిగావు. మోడల్ పేరు రాసి పంపడం నాకు తేలికే. కానీ హన్మకొండ చౌరస్తాలో ఆ మోడల్ దొరక్కపోతే దుకాణం అతను "అదీ ఇదీ ఒకటే మేడం" అంటూ ఇంకొకటి అంటగడతాడు. అందుకే పేరు రాయడం లేదు. దేనికి డబ్బు పెట్టాలో, దేనికి పెట్టకూడదో రాస్తాను.

నువ్వు చేసేది తెలుగు పుస్తకాల పేజీలు, పెళ్లి కార్డులు, మేడారం జాతర వచ్చిందంటే ఫ్లెక్సీలు. సినిమాలు చూసేవాళ్లు, ఆటలు ఆడేవాళ్లు మానిటర్‌ను ఎంచుకునే తీరు మనకు పనికిరాదు. కళ్లలో వత్తులు వేసుకుని వత్తులు వెతికే పని మనది. థకు, ధకు తేడా పొట్టలో ఒక చుక్క. పకు, వకు తేడా తలకట్టు విడిగా ఉందా, అంటుకుందా అన్నదే. 'రాష్ట్రం'లో ష కింద ట వత్తు, దాని పక్కనే ర వత్తు, పైన తలకట్టు. ఇన్నీ ఒక్క అక్షరం చోటులో ఇమడాలి. ఇంగ్లిష్ మాత్రమే టైపు చేసేవాళ్లకు మామూలు తెరతో పని జరిగిపోతుంది, మనకు జరగదు.

ఒక లెక్క చెబుతాను, కాగితం మీద వేసి చూసుకో. అచ్చుపనిలో అక్షరాల సైజు కొలిచేది పాయింట్లలో, అంగుళానికి 72 పాయింట్లు. కాబట్టి 12 పాయింట్ల అక్షరం అంగుళంలో ఆరో వంతు. 24 అంగుళాల (మూల నుంచి మూలకు కొలత) ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో, అంటే 1920×1080 తెరలో, అంగుళానికి సుమారు 92 పిక్సెళ్లు, అంటే తెర బొమ్మను కూర్చే చుక్కలు, ఉంటాయి. పేజీని అసలు సైజులో పెట్టి చూస్తే ఆ అక్షరానికి తలకట్టు నుంచి వత్తు దాకా దక్కేవి 15 పిక్సెళ్లు. థ పొట్టలో చుక్కకు వాటిలో ఒకటో అరో మిగులుతుంది. అదే 27 అంగుళాల 4కె తెర తీసుకుంటే, 3840×2160 కాబట్టి అంగుళానికి 163 దాకా వస్తాయి. అక్షరానికి 27 పిక్సెళ్లు. ప్రూఫులో ధ పడిందో థ పడిందో జూమ్ చేయకుండానే తెలుస్తుంది. మధ్యలో క్యూహెచ్‌డీ అని 2560×1440 తెరలు ఉన్నాయి. 27 అంగుళాల్లో అవి అంగుళానికి 109 పిక్సెళ్లు ఇస్తాయి. డబ్బు బాగా తక్కువగా ఉంటే తప్ప వాటి జోలికి వెళ్లకు.

దూరం కూడా లెక్కలోకి వస్తుంది. 27 అంగుళాల 4కెలో ఒక్కో పిక్సెల్ 0.156 మిల్లీమీటర్లు. మామూలు చూపున్నవాళ్లకు అర మీటరు దాటాక అది విడి చుక్కగా కనిపించదు. మనం కూర్చునేది సుమారు రెండడుగుల దూరంలో, సరిగ్గా సరిపోయింది. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో చుక్కలు కలిసిపోవాలంటే మీటరు దూరం జరగాలి. అంత దూరం నుంచి మౌస్ అందదు.

సైజు విషయంలో పుస్తకాల పనివాళ్లకు ఇంకో కొలత ఉంది. 24 అంగుళాల తెర ఎత్తు 30 సెంటీమీటర్లకు కాస్త లోపే. ఎ4 కాగితం ఎత్తు 29.7. పేజీ పెట్టగానే మెనూకు, టూల్‌బార్‌కు చోటు లేకుండా పోతుంది. 27 అంగుళాల తెర 33.6 సెంటీమీటర్ల ఎత్తు, దాదాపు 60 వెడల్పు. రెండు ఎ4 పేజీలు పక్కపక్కన అసలు సైజులో పరుచుకుని, పైనా పక్కనా పరికరాలకు చోటు మిగులుతుంది. 32 అంగుళాలు ఇంకా హాయి అంటారు కానీ పిక్సెళ్ల సాంద్రత 138కి పడిపోతుంది, నీ బల్ల అంత లోతుగా కూడా లేదు. మీ నాన్న 43 అంగుళాల 4కె టీవీ పెట్టుకోమన్నాడట. దాంట్లో అంగుళానికి 102 పిక్సెళ్లే. పైగా చాలా టీవీలు రంగు సమాచారాన్ని కుదించి చూపిస్తాయి, ఎర్ర అక్షరాల అంచులు అలుక్కుపోతాయి. కుంకుమ రంగు అక్షరాల పెళ్లి కార్డును దాని మీద ప్రూఫు చూడలేవు.

చాలామంది నిరాశపడే చోటు ఒకటుంది, ముందే తెలుసుకో. 4కె పెట్టి విండోస్‌లో స్కేలింగ్ (అక్షరాలను, మెనూలను పెంచి చూపే అమరిక) 100 శాతం ఉంచితే మెనూలు కంటికి ఆనవు. 150 శాతం పెట్టాలి. అప్పుడు తెర మీద పట్టే సామాను 2560×1440 తెరలో పట్టినంతే. అదనంగా కొన్న పిక్సెళ్లు అక్షరాల స్పష్టతకే పోతాయి, చోటు పెరగడానికి కాదు. నీకు కావలసింది స్పష్టతే కాబట్టి నష్టమేమీ లేదు.

అయితే పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ సంగతి వేరు. మన వరంగల్ ప్రెస్సుల్లో ఇప్పటికీ 'అను' అనే తెలుగు ఫాంట్లతో పేజ్‌మేకర్ 7 ఫైళ్లు వస్తూనే ఉంటాయి. అది 2001 నాటి సాఫ్ట్‌వేర్, స్కేలింగ్ అనేది దానికి తెలియదు. విండోస్ దాని బొమ్మను సాగదీసి చూపిస్తుంది. ఎంత ఖరీదైన తెర పెట్టినా అక్షరాలు మసకగానే ఉంటాయి, మానిటర్ బాగాలేదని దుకాణం వాడితో తగువు పడతావు. ప్రోగ్రామ్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీకి వెళ్లి, హై డీపీఐ సెట్టింగ్‌లో 'అప్లికేషన్' ఎంచుకో. మెనూలు చిన్నవైపోతాయి, పేజీ మాత్రం తేటగా వస్తుంది. పేజీని జూమ్ చేసుకుంటే సరి. కొత్త పుస్తకాలనైనా ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్ అక్షరాల్లో, ఇన్‌డిజైన్ అనే పేజీల సాఫ్ట్‌వేర్‌లో, వత్తులను సరిగ్గా కూర్చే 'వరల్డ్ రెడీ కంపోజర్' అమరిక పెట్టి చెయ్యి. ఈ మాట చాలా కాలంగా చెబుతున్నాను, మన ప్రెస్సుల వాళ్లెవరూ వినరు.

ఇక తీగలు. ముందు నీ లాప్‌టాప్ పక్కలు తిప్పి చూడు. హెచ్‌డీఎంఐ రంధ్రం ఉన్నంత మాత్రాన సరిపోదు. పాత 1.4 రకమైతే 4కెను సెకనుకు 30 సార్లే పంపుతుంది. మౌస్ కదిపితే బాణం ఈడ్చుకుంటూ వస్తుంది, పేజీ జరిపితే తల తిరుగుతుంది. 2013లో వచ్చిన 2.0 రకం నుంచి 60 సార్లు పోతుంది. డిస్‌ప్లేపోర్ట్ అనే ఇంకో రకం రంధ్రం ఉంటే 1.2 అయినా చాలు. టైప్-సి రంధ్రాలన్నీ చిత్రం పంపవు, లాప్‌టాప్ వివరాల్లో 'డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్' అని ఉందో లేదో చూడు. ఉంటే అదృష్టమే. 65 వాట్ల ఛార్జింగ్ ఇచ్చే టైప్-సి మానిటర్ తీసుకుంటే ఒక్క తీగతో చిత్రమూ కరెంటూ రెండూ నడుస్తాయి. ఫోను ఛార్జర్‌తో వచ్చిన తీగ మాత్రం దానికి పనికిరాదు, మానిటర్ డబ్బాలో వచ్చినదే వాడు. ఒక రంధ్రానికి తగిలించి పలు రంధ్రాలు చేసుకునే చవక హబ్బులు కూడా చాలావరకు 30 దగ్గరే ఆగిపోతాయి. బిగించాక విండోస్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచి 3840×2160, 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు) అని కనిపిస్తేనే సరైన పిక్చర్ వస్తున్నట్టు. 144, 165 హెర్ట్జ్ అని ఊరిస్తారు. అక్షరాలు పరుగెత్తవు, వాటికి డబ్బు పెట్టకు. వెనక రంగురంగుల దీపాలు వెలిగే మానిటర్లు, వంపు తిరిగిన తెరలు కూడా వద్దు. వంపు తెర మీద గీత నిటారుగా ఉందో లేదో చూడటం నాకు ఏనాడూ నచ్చలేదు.

ప్యానెల్, అంటే తెర లోపలి పలక, ఐపీఎస్ రకం తీసుకో. వీఏ రకం తెరలో నలుపు బాగుంటుంది కానీ అంచుల దగ్గర రంగు మారుతుంది. ఓఎల్ఈడీ రకం నీ బడ్జెట్‌లో రాదు. వచ్చినా రోజంతా కదలకుండా ఉండే టూల్‌బార్ల అచ్చు దాని మీద పడే ప్రమాదం ఉంది. రంగులకు ఎస్ఆర్‌జీబీ (తెరల రంగులకు మామూలు ప్రమాణం) 99 శాతం అని ఉంటే చాలు. ఇంటికి తెచ్చాక వెలుగు తగ్గించు. డబ్బాలోంచి తీసిన మానిటర్ దుకాణంలో మెరవడానికి సెట్ చేసి ఉంటుంది. అంత వెలుగులో డిజైన్ చేసి, అచ్చయ్యాక పసుపు రంగు మట్టి రంగులా వచ్చిందని ప్రింటర్‌ను తిట్టేవాళ్లను చాలామందిని చూశాను. తెల్ల కాగితాన్ని తెర పక్కన పట్టుకుని రెండూ ఒకే తెలుపులో కనిపించేదాకా వెలుగు దించు, రంగు ఉష్ణోగ్రత, అంటే తెలుపు ఎంత పసుపుగా, ఎంత నీలంగా ఉండాలన్న అమరిక, 6500 దగ్గర పెట్టు. కిటికీ నీ వెనక లేకుండా చూసుకో.

దుకాణానికి నీ లాప్‌టాప్, తీగ, పెన్‌డ్రైవ్‌లో నువ్వు చేసిన ఒక పుస్తకం పీడీఎఫ్ తీసుకెళ్లు. వాళ్లు పెట్టే చేపల వీడియో, పూల వీడియో ఏ తెర మీదైనా బాగుంటుంది. నీ పేజీని 100 శాతంలో తెరిచి, ఫుట్‌నోట్ దగ్గరికి వెళ్లి, కుర్చీలో వెనక్కి ఆనుకుని చదువు. వత్తులు తడబడకుండా చదవగలిగితే ఆ తెర పరీక్ష నెగ్గింది. తరువాత పూర్తి తెలుపు, పూర్తి నలుపు బొమ్మలు పెట్టి చచ్చిన పిక్సెళ్లు ఉన్నాయేమో చూడు. కొన్ని పిక్సెళ్లు పోయినా మార్చబోమని కంపెనీలు రాసుకుంటాయి కాబట్టి డబ్బు కట్టకముందే చూడాలి. డబ్బా మీద '4కె సపోర్ట్' అని ఉంటే మోసపోకు. 4కె వీడియో ఇస్తే తీసుకుంటుందనే తప్ప తెర 4కె అని కాదు. 'నేటివ్ రిజల్యూషన్' అన్న చోట 3840×2160 ఉండాలి.

స్టాండు ఎత్తు పెరిగి తగ్గేది కాకపోతే వెనక 100×100 మిల్లీమీటర్ల వెసా రంధ్రాలైనా (స్టాండు బిగించే మర రంధ్రాలు) ఉండాలి, తరువాత చెయ్యి లాంటి స్టాండు బిగించుకోవచ్చు. తెర పై అంచు నీ కంటి ఎత్తుకు రావాలి. మెడ నొప్పి గురించి నన్ను అడుగు, చెబుతాను.

హన్మకొండలో నచ్చింది దొరక్కపోతే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. కాజీపేట నుంచి రైలెక్కితే ఒక పూట పని. కానీ అక్కడ కొనే ముందు సర్వీసు మనిషి వరంగల్‌లో ఇంటికి వస్తాడా, మనమే హైదరాబాద్ మోసుకుపోవాలా అడుగు. మూడేళ్ల వారంటీ అయినా మోసుకుపోవలసి వస్తే సగం విలువే. డబ్బాను రైల్లో బోర్లా పడుకోబెట్టకు, నిలువుగా పెట్టు. థర్మోకోల్, డబ్బా వారంటీ అయ్యేదాకా అటక మీద ఉంచు. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకో.

తమ్ముడు తన మ్యాక్‌బుక్ ఎయిర్‌కు రెండు మానిటర్లు తగిలిస్తానంటున్నాడని విన్నాను. వాడిది ఎం1 చిప్ ఉన్నది కదా, అది బయటి తెర ఒక్కదాన్నే నడుపుతుంది. రెండోది ఆర్డరు పెట్టకముందే వాడికి చెప్పు.

ఇట్లు,
పెద్దమ్మ