సింధూ, ఆ పోలీసు రికార్డుల పని మొదలుపెట్టే ముందు ఇది చదువు

సింధూ,

మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఇది చదువుకుంటూ చదువుకుంటూ పోలీసుల మీద ఏదో లిస్టు తయారుచేస్తుందట, నువ్వైనా గడ్డి పెట్టు" అంది. సరే పెడతానన్నాను. పెట్టలేనని నాకు తెలుసు. ఆదోని పిల్ల జాహ్నవి పోయినప్పుడు నువ్వెలా అయిపోయావో చూసినవాణ్ణి. మన కర్నూలు జిల్లా పిల్ల, నీలాగే మాస్టర్స్‌కి వచ్చింది. 2023 జనవరిలో సియాటిల్‌లో రోడ్డు దాటుతుంటే పోలీసు కారు గుద్దింది. గంటకి 25 మైళ్ళు దాటకూడని రోడ్డు మీద ఆ కారు 74 దాకా వెళ్ళింది. అది నడిపిన ఆఫీసరును అరిజోనాలో టూసాన్ పోలీసు శాఖ 2013లోనే తీసేసిందని మనకి తెలిసింది ఆ పిల్ల పోయాక, పత్రికలవాళ్ళు తవ్వితే. 2019లో సియాటిల్‌వాళ్ళు అతణ్ణి ఉద్యోగంలోకి తీసుకున్నారు. అంత జరిగినా అతని ఉద్యోగం పోయింది 2025 జనవరిలో.

కాబట్టి ఒక ఊళ్ళో ఉద్యోగం పోయి ఇంకో ఊళ్ళో చేరే పోలీసుల రికార్డులు అడిగి తెప్పించి, మీ గ్రూపుతో కలిసి పట్టిక కట్టే ఈ పనికి నువ్వు దిగుతున్నావంటే నాకు ఆశ్చర్యం లేదు. గర్వంగా ఉంది, భయంగానూ ఉంది. నేను సిటీ ఆఫీసులో ఉద్యోగుల ఫైళ్ళు చూసే పర్సనల్ విభాగంలో పనిచేసినన్నాళ్ళూ ఇలాంటి ఫైళ్ళే మోశాను కదా, నాలుగు మాటలు చెప్పనీ.

తేలికవి ముందు చెప్పేస్తాను. రికార్డులు ఇమ్మని పోలీసు శాఖకి పెట్టే రిక్వెస్టు రాతలోనే పెట్టు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని రాయి, కాపీ ఉంచుకో. మీ వాషింగ్టన్ రాష్ట్ర చట్టం ప్రకారం 5 పనిదినాల్లో జవాబు రావాలి, కానీ "ఇన్నాళ్ళు పడుతుంది" అన్నా అది జవాబే, గంతులేయకు. కొన్ని మాటలు కనబడకుండా నల్లసిరా పూసి ఇస్తే చట్టంలోని ఏ మినహాయింపు కింద పూశారో రాసి ఇవ్వమను, ఇవ్వాలి. ఇవన్నీ నీకు తెలుసు, తెలియకపోతే ఆ గ్రూపువాళ్ళు చెబుతారు.

వాళ్ళు చెప్పనిది ఒకటుంది. ఒహాయోలో ఇండిపెండెన్స్ అని చిన్న ఊరు. అక్కడ పోలీసుల్లో చేరిన ఒక కుర్రాడి గురించి 2012లో అతని పైఅధికారి ఒక మెమో రాశాడు: ఫైరింగ్ రేంజిలో కన్నీళ్ళు పెట్టుకున్నాడు, చెప్పిన మాట బుర్రకెక్కించుకోలేకపోయాడు, ఎంత టైమిచ్చినా ఎంత ట్రైనింగ్ ఇచ్చినా ఇతను మారతాడన్న నమ్మకం నాకు లేదు అని. ఆ కాగితం అతని ఉద్యోగ ఫైల్లో చేరింది. కుర్రాడు రాజీనామా చేశాడు. తీసేశారని ఎక్కడా లేదు, రాజీనామా. 2014 మార్చిలో పక్కనే ఉన్న క్లీవ్‌లాండ్ పోలీసులు అతన్ని చేర్చుకున్నారు. ఆ ఫైలు తెప్పించి చదవలేదు! పక్క ఊరు తల్లీ, కారులో పోయి రావచ్చు. అదే ఏడాది నవంబర్ 22న పార్కులో బొమ్మ తుపాకీతో ఆడుకుంటున్న టమీర్ రైస్‌ని, పన్నెండేళ్ళ పిల్లవాణ్ణి, పోలీసు కారు వచ్చి ఆగీ ఆగగానే కాల్చేశాడు. క్లీవ్‌లాండ్ ఊరు ఆ పిల్లవాడి కుటుంబానికి 60 లక్షల డాలర్లు కట్టింది. 2017లో ఆ పోలీసును తీసేశారు, దేనికనుకున్నావు? కాల్చినందుకు కాదు, ఉద్యోగ దరఖాస్తులో పాత ఉద్యోగం గురించి నిజం రాయనందుకు. ఆ తర్వాత కూడా చిన్న చిన్న ఊళ్ళు అతన్ని పిలిచి ఉద్యోగమిచ్చాయి, 2018లో ఒహాయోలోనే బెల్లెయిర్, 2022లో పెన్సిల్వేనియాలో టయోగా. జనం గొడవ చేస్తే తప్ప ఆగలేదు. ఒక ఊళ్ళో చిట్టీ ఎగ్గొట్టినవాడు పక్క ఊళ్ళో చిట్టీ మొదలుపెట్టినట్టే.

ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, మీ గ్రూపు పట్టికలో "టెర్మినేటెడ్", అంటే తీసేసినవాళ్ళు, అన్న కాలమ్ చూసి సంబరపడతారు. అసలు సరుకు "రిజైన్డ్", అంటే రాజీనామా చేసినవాళ్ళు, అన్న కాలమ్‌లో ఉంటుంది. విచారణ మధ్యలో ఉండగా రాజీనామా చేస్తే చాలా చోట్ల ఆ విచారణ అక్కడితో ఆగిపోతుంది. మా ఆఫీసుకి వచ్చే దరఖాస్తుల్లో "వ్యక్తిగత కారణాల వల్ల" అన్న మాట చూస్తే మా సూపర్‌వైజరు పెన్సిలుతో చుట్టి పక్కన పెట్టేవాడు. పాత శాఖకి ఫోన్ చేస్తే చేరిన తేదీ, మానిన తేదీ చెప్పి పెట్టేసేవాళ్ళు, కోర్టు భయం. అందుకే మనిషిని పంపేవాడు, ఫైలు మొత్తం కూర్చుని చదివి రమ్మని. పనికొచ్చే కాగితం ఎప్పుడూ అట్టడుగునే ఉండేది, మంచి రిపోర్టులన్నీ పైన.

దేశమంతటికీ ఒక జాబితా ఉంది కదా అంటావు. ఆ జాబితా పేరు నేషనల్ డీసర్టిఫికేషన్ ఇండెక్స్; అందులో ఉండేది పోలీసుగా పనిచేయడానికిచ్చిన సర్టిఫికేట్‌ని రాష్ట్రాలు రద్దు చేసి, పంపిన పేర్లు. సర్టిఫికేట్ చేతిలో ఉంచుకుని రాజీనామా చేసినవాడు అందులో కనబడకపోవచ్చు. ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ పోలీసు ఆఫీసర్ల కోసం 2023 డిసెంబర్‌లో ఇంకో డేటాబేస్ తెరిచారు, 2025 జనవరిలో కొత్త ప్రభుత్వం రాగానే మూసేసింది. అందుకే ఊరూరా కాగితాలు ఏరే నీలాంటివాళ్ళు కావాలి. వాషింగ్టన్‌లో 2021 చట్టం వచ్చాక పోలీసులకి సర్టిఫికేట్లిచ్చే రాష్ట్ర ట్రైనింగ్ కమిషన్‌కి సర్టిఫికేట్లు రద్దుచేసే అధికారం పెరిగింది, ముందు వాళ్ళ వెబ్‌సైట్ వెతుకు.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని సంగతి. పేర్లు. ఒకే పేరు, ఒకే ఇంటిపేరుతో ఎంతమంది ఆఫీసర్లుంటారో! శాఖ మారితే బ్యాడ్జి నంబరు కూడా మారుతుంది. నువ్వు కోడ్ రాసి పేర్లు జతచేస్తావు, కంప్యూటర్ "మ్యాచ్" అంటుంది, వేరెవరో చేసిన పాపం ఒక అమాయకుడి నెత్తిన పడుతుంది. చేరిన తేదీ, మానిన తేదీ, మధ్య పేరు, మూడూ కలిసేదాకా నువ్వు ఒక్క వరస కూడా బయటపెట్టకు. ఫిర్యాదు వేరు, రుజువైన తప్పు వేరు. "నాట్ సస్టెయిన్డ్" అంటే సాక్ష్యం చాల్లేదని, "అన్‌ఫౌండెడ్" అంటే అలాంటిది జరగనే లేదని. రెండింటినీ ఒకే గంపలో వేశావో, నీ చెవి మెలిపెట్టడానికి నేనే బస్సెక్కి వస్తాను. ఫిర్యాదు చేసినవాళ్ళ పేర్లు, అడ్రసులు పొరపాటున నల్లసిరా పడకుండా వచ్చేస్తాయి, అవి నువ్వే చెరిపెయ్. వాళ్ళు అసలే భయపడి ఉంటారు.

ఇంకోటి, కోప్పడకు. నువ్వు వీసా మీద ఉన్నావు. చట్టం నీకు రికార్డులడిగే హక్కిచ్చింది, నిజమే, కానీ రిక్వెస్టు కూడా రికార్డే, దాన్నీ ఎవరైనా అడిగి తీసుకోవచ్చు. అందుకని గ్రూపు పేరు మీద, గ్రూపు ఈమెయిల్ నుంచి పంపు. నీ ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు రాయొద్దు. మీ యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ ఆఫీసువాళ్ళని ఒకసారి అడుగు, మామయ్య చాదస్తం అనుకున్నా పర్లేదు.

తిడుతున్నట్టుందా? లేదమ్మా. నేను ఫైళ్ళు చదివి ఇంటికొచ్చి నోరు మూసుకున్నవాణ్ణి, ఉద్యోగం అలాంటిది. నువ్వు చదివింది నలుగురికీ చూపిస్తానంటున్నావు. రాత్రిళ్ళు మాత్రం ఆ బాడీ కెమెరా వీడియోలు ఒక్కదానివే కూర్చుని చూడకు, పక్కన ఎవరినైనా పెట్టుకో, కడుపునిండా తిని చూడు.

మొదటి రిక్వెస్టు డ్రాఫ్టు నాకు పంపు. కామాలు దిద్దడానికి కాదు, "రిజైన్డ్" అన్న మాట మర్చిపోయావేమో చూస్తాను. మీ అమ్మకి లైబ్రరీ ప్రాజెక్టని చెప్పాను, నువ్వు వేరేలా చెప్పి నన్ను ఇరికించకు.

మామయ్య